విండోస్ 11కి మారాక వైఫై మొండికేసిందా? కొత్త రౌటర్ కొనే ముందు ఈ క్రమంలో చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. ఇన్నాళ్లూ 'తర్వాత చూద్దాంలే' అని వాయిదా వేసినవాళ్లు కూడా దాంతో విండోస్ 11కి మారారు, ఇంకా మారుతున్నారు. మారిన మరుసటి రోజు ఎక్కువగా వినబడే కంప్లైంట్ ఒకటుంది: "నిన్నటిదాకా బాగున్న వైఫై ఈరోజు రావట్లేదు." షాపులో అడిగితే రౌటర్ పాతదైపోయింది, మార్చాలి అంటారు. ల్యాప్‌టాప్ రిపేర్ అతన్ని అడిగితే వైఫై కార్డు పోయింది అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తెలుసుకోకుండానే డబ్బులు ఖర్చయిపోతాయి.

అనంతపురం లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. బెంగళూరు కంపెనీకి ఊరి నుంచే పనిచేసేవాళ్లు, ఇంట్లో కూర్చుని ప్లేస్‌మెంట్ టెస్టులు రాసే బీటెక్ పిల్లలు మన దగ్గర చాలామంది. ఇంటికి ఒకటే కనెక్షన్, ఒకటే రౌటర్. రెండు వేలు పోసి కొత్తది తెచ్చాక కూడా అదే ఎర్రర్ వస్తే డబ్బూ పోయినట్టే, టెస్టూ పోయినట్టే.

మోటారు నీళ్లు పోయకపోతే వెంటనే కొత్త బోరు వేయించే రైతు ఎవరూ ఉండరు. ముందు కరెంటు, తర్వాత ఫ్యూజు, స్టార్టరు, మోటారు, పైపు అని వరసగా చూస్తాడు. వైఫైకి కూడా అలాంటి వరస ఒకటుంది. అది తెలిస్తే చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండా బయటపడొచ్చు.

అసలు గొడవ ఎక్కడ మొదలవుతుంది?

కొత్త ఓఎస్ వచ్చినప్పుడు రౌటర్‌తో పేచీ రావడం ఇవాళ్టిది కాదు. దీనికి మంచి ఉదాహరణ విండోస్ విస్టా. 2007 జనవరి 30న విస్టా మార్కెట్‌లోకి వచ్చింది. ఎక్స్‌పీలో చక్కగా నడిచిన ఇంటర్నెట్ కొందరికి విస్టాలో రాలేదు. కారణాలు రెండు.

మొదటిది ఐపీ అడ్రస్. కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో అడ్రస్ ఇవ్వు" అని రౌటర్‌ను అడుగుతుంది. ఈ పద్ధతినే డీహెచ్‌సీపీ అంటారు. విస్టా అలా అడుగుతూ "నాకింకా అడ్రస్ లేదు కాబట్టి జవాబు అందరికీ వినబడేలా చెప్పు" అనే గుర్తు కూడా పెట్టేది. దాన్ని బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్ అంటారు. ఎక్స్‌పీ ఆ గుర్తు పెట్టేది కాదు. కొన్ని రౌటర్లకు ఆ గుర్తును ఎలా తీసుకోవాలో తెలియక విస్టాకు అడ్రస్ ఇవ్వలేకపోయాయి.

రెండోది వేగం. ఒక్కసారికి ఎంత డేటా తీసుకోగలనో కంప్యూటర్ అవతలి వైపుకు చెబుతుంది. పాత పద్ధతిలో దాని హద్దు 65,535 బైట్లు. ఆ హద్దు దాటడానికి విండో స్కేలింగ్ అనే పద్ధతిని 1992లోనే ప్రమాణంగా రాసి పెట్టారు. విస్టా దాన్ని మామూలుగానే వాడటం మొదలుపెట్టింది. కొన్ని రౌటర్లు మధ్యలో ఆ లెక్కను తప్పుగా చదివేవి. దాంతో కొన్ని సైట్లు నత్తనడక నడిచేవి, కొన్ని మధ్యలోనే ఆగిపోయేవి.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఆ రూల్స్ విస్టా కనిపెట్టినవి కావు. అవి ఎప్పటినుంచో కాగితం మీద ఉన్నాయి. పాత ఓఎస్ వాటిని వాడలేదు కాబట్టి రౌటర్‌లోని లోపం బయటపడలేదు, అంతే. ఇప్పుడు జరుగుతున్నదీ అదే. కొత్త ఓఎస్ పాత సెక్యూరిటీ పద్ధతులను ఒక్కొక్కటిగా వదిలేస్తోంది, ఉన్న రూల్స్‌ను గట్టిగా పాటిస్తోంది. అందుకే "నిన్న పనిచేసింది కదా" అనేది రౌటర్ మంచిదనడానికి రుజువు కాదు. అలాగని "ఈరోజు పనిచేయలేదు" అనేది రౌటర్ చెడిపోయిందనడానికీ రుజువు కాదు.

ముందు రెండు పరీక్షలు

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఈ రెండూ చేయండి. ఐదు నిమిషాలు చాలు.

పరీక్ష 1: మొబైల్ డేటా ఆపేసి, ఫోన్‌ను అదే వైఫైకి కలపండి. నెట్ వస్తుందా?

పరీక్ష 2: ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. నెట్ వస్తుందా?

జవాబులు ఇలా చదవాలి.

ఫోన్‌కు వచ్చి, ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్‌లో రాకపోతే రౌటర్‌ను వదిలేయండి. తప్పు ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

ఫోన్‌కు రాక, ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్‌లో వస్తే తప్పు రౌటర్‌లోనో, బయటి లైన్‌లోనో ఉంది. విండోస్‌ను తిట్టుకోవద్దు.

రెండిట్లోనూ వస్తే, అంటే విడివిడిగా రెండూ బాగానే ఉండి కలిస్తేనే పడకపోతే, అప్పుడది నిజమైన కంపాటిబిలిటీ సమస్య. కింద చెప్పే ఐదు మెట్లు ముఖ్యంగా దీనికోసమే.

రెండిట్లోనూ రాకపోతే రెండు వేర్వేరు సమస్యలు ఒకేసారి వచ్చాయన్నమాట. ముందు రౌటర్, లైన్ సంగతి తేల్చుకుని తర్వాత ల్యాప్‌టాప్‌కు రండి.

కళ్యాణదుర్గంలో ఉన్న మా చిన్నాయన కొడుకు ల్యాప్‌టాప్ సంగతి చెబుతాను. విండోస్ 11కి మారాక వైఫై కనెక్ట్ అవుతోంది కానీ నెట్ లేదు. లైన్ వేసిన మనిషి వచ్చి చూసి పెట్టె మార్చాల్సిందే అన్నాడట. "అన్నా, ఆదివారం టెస్టుంది, ఇప్పుడు మా నాయనను డబ్బులు ఎట్లా అడిగేది?" అని ఫోన్ చేశాడు. ముందు హాట్‌స్పాట్‌కు కలిపి చూడమన్నాను. అందులోనూ నెట్ రాలేదు. ఆ ఒక్క జవాబుతో రౌటర్ సంగతి తేలిపోయింది. తర్వాత వెతికితే ఎప్పుడో సినిమాల కోసం వేసుకున్న ఉచిత వీపీఎన్ ఒకటి దొరికింది. ఓఎస్ మారాక అది సరిగా పనిచేయట్లేదు, కానీ వచ్చేపోయే డేటాకు మాత్రం అడ్డం పడుతోంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాక నెట్ వచ్చింది. ఖర్చు సున్నా.

ఐదు మెట్లు

వైఫై కనెక్షన్ ఒక్క దెబ్బలో జరిగే పని కాదు. పేరు కనబడాలి, పాస్‌వర్డ్ ఒప్పుకోవాలి, ఐపీ అడ్రస్ రావాలి, బయటి ప్రపంచం తగలాలి, ఆ తర్వాత వేగం. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తే కారణం సగం దొరికినట్టే. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అక్కడ మీ నెట్‌వర్క్ పేరుతో ఉండే ప్రాపర్టీస్ ఓపెన్ చేయండి. సెక్యూరిటీ టైప్, బ్యాండ్, ఛానెల్, ఐపీ అడ్రస్, డ్రైవర్ వెర్షన్ అన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉంటాయి.

మెట్టు 1: వైఫై పేరే కనబడట్లేదు

పక్కింటి వైఫై కనబడుతుంది, మనది కనబడదు. ఫోన్‌లో మాత్రం కనబడుతుంది. ఇలాంటప్పుడు మూడు అనుమానాలు.

ఒకటి, డ్రైవర్. రౌటర్ వైఫై 6ది అయి, ల్యాప్‌టాప్‌లో పాత డ్రైవర్ ఉంటే పేరు లిస్టులోకే రాకపోవచ్చు. 7260, 7265, 8260 లాంటి పాత ఇంటెల్ అడాప్టర్ల విషయంలో ఇది అందరికీ తెలిసిన సమస్యే. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే కనబడుతుందని ఇంటెల్ కూడా చెప్పింది. వెంటనే తేల్చుకోవాలంటే రౌటర్‌లో 802.11 ఏఎక్స్ మోడ్‌ను కాసేపు ఆపి చూడండి. పేరు కనబడితే డ్రైవరే కారణం.

రెండు, 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్. మన దేశంలో 1 నుంచి 13 దాకా వాడొచ్చు. అమెరికా మార్కెట్ కోసం తయారైన ల్యాప్‌టాప్‌లు చాలావరకు 12, 13 ఛానెళ్లను చూడవు. అక్కడున్న అన్నో మామో తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్ అయితే ముందు దీన్నే అనుమానించండి. రౌటర్‌లో ఆటో తీసేసి 1, 6, 11లో ఒకటి పెట్టండి.

మూడు, 5 గిగాహెర్ట్జ్ ఛానెల్. 2018 అక్టోబర్‌లో మన దేశంలో ఈ బ్యాండ్‌లో మరిన్ని ఛానెళ్లను లైసెన్స్ లేకుండా వాడుకునేలా తెరిచారు. అంతకుముందు తయారైన అడాప్టర్లు వాటిలో కొన్నిటిని పట్టించుకోకపోవచ్చు. 36, 40, 44, 48లో ఒకటి పెడితే చాలావరకు సరిపోతుంది.

డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దీనికి వైఫై డ్రైవర్‌తో పనే లేదు. విండోస్ 11 పట్టని పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, మింట్ వేసుకున్నవాళ్లకూ ఇదే దారి. బ్రాడ్‌కామ్ చిప్ ఉంటే టెథరింగ్‌తో నెట్ తెచ్చుకుని, అడిషనల్ డ్రైవర్స్‌లో వెతకండి. విండోస్ వాళ్లు మాత్రం డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచో, వైఫై చిప్ కంపెనీ సైట్ నుంచో తీసుకోవాలి. 'డ్రైవర్ అప్‌డేటర్' అని వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు.

మెట్టు 2: పేరు కనబడుతుంది, పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతుంది

పాస్‌వర్డ్ కరెక్టే అయినా కలవకపోతే సెక్యూరిటీ మోడ్ చూడండి. డబ్ల్యూఈపీ, టీకేఐపీ అనేవి బలహీనమైన పాత పద్ధతులు. వాటితో నడిచే నెట్‌వర్క్‌కు కలిస్తే విండోస్ 10 వెర్షన్ 1903 నుంచే హెచ్చరిక వస్తోంది. ఐఫోన్‌లో అయితే ఐఓఎస్ 14 నుంచి 'వీక్ సెక్యూరిటీ' అని చూపిస్తుంది. ఇంకోవైపు డబ్ల్యూపీఏ3 ఉంది. దీని సర్టిఫికేషన్ మొదలైంది 2018 జూన్‌లో. ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది 2017 డిసెంబర్‌లో. అంటే అప్పట్లో ఇళ్లకు వచ్చిన పెట్టెలు, ఏ కంపెనీవైనా సరే, డబ్ల్యూపీఏ3 కంటే ముందు పుట్టినవే. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు, అప్పటి పెట్టెకు మధ్య ఇంత దూరం ఉంది.

రౌటర్ పేజీలో వైర్‌లెస్ సెక్యూరిటీకి వెళ్లి 'డబ్ల్యూపీఏ2 ఏఈఎస్' ఎంచుకోండి. 'టీకేఐపీ ప్లస్ ఏఈఎస్' అని ఉంటే అది వద్దు. కొత్త రౌటర్‌లో కేవలం డబ్ల్యూపీఏ3 పెట్టి ఉంటే 'డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3' రెండూ ఉన్న మోడ్‌కు మార్చండి. దానికీ ఒప్పుకోకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఒక్కటే పెట్టండి. మంచి పొడవాటి పాస్‌వర్డ్ ఉంటే ఇంటికి అది చాలు. మోడ్ మార్చాక ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ను ఫర్‌గెట్ కొట్టి మళ్లీ కలపడం మర్చిపోవద్దు. లేకపోతే పాత వివరాలతోనే మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఫోన్లలో ఇంకో కారణం ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్ తన అసలు మ్యాక్ అడ్రస్ బదులు వేరే అడ్రస్ చూపిస్తుంది. హాస్టళ్లలో, పీజీల్లో మ్యాక్ అడ్రస్ రాసిచ్చిన డివైస్‌కే వైఫై ఇస్తారు. ఓఎస్ అప్‌డేట్ అయ్యాక ఆ ఫోన్ వాళ్ల లిస్టుకు కొత్త ఫోన్ కిందే లెక్క. ఆ నెట్‌వర్క్ వరకు ప్రైవసీ సెట్టింగ్‌లో 'డివైస్ మ్యాక్' ఎంచుకుంటే సరి. ఐఫోన్‌లో 'ప్రైవేట్ వైఫై అడ్రస్' ఆపాలి.

కాలేజీ వైఫైలో మాత్రమే సమస్య వస్తే కాస్త ఆగి చూడండి. 2023 డిసెంబర్‌లో విండోస్ 11 అప్‌డేట్ తర్వాత కొన్ని అడాప్టర్లు కాలేజీ, ఆఫీస్ తరహా నెట్‌వర్క్‌లకు కలవడం లేదని మైక్రోసాఫ్టే ఒప్పుకుని, తర్వాత ఆ మార్పును వెనక్కి తీసుకుంది. అప్పుడు రౌటర్ మార్చి ఉంటే దండగే కదా.

మెట్టు 3: కనెక్ట్ అయింది, ఐపీ అడ్రస్ సరిగా లేదు

ప్రాపర్టీస్ పేజీలో ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. అడిగి అడిగి విసిగిపోయి విండోస్ తనంతట తాను పెట్టుకున్న నంబర్ అది. విస్టా రోజుల్లో కనబడిన లక్షణం ఇదే. ముందు రౌటర్‌ను ఆపి, ఒక నిమిషం ఆగి ఆన్ చేయండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఐపీ అసైన్‌మెంట్ 'ఆటోమేటిక్' మీద ఉందో లేదో చూడండి. అప్పటికీ రాకపోతే పరీక్ష కోసం మాన్యువల్‌గా అడ్రస్ ఇవ్వండి. రౌటర్ 192.168.1.1 అయితే ల్యాప్‌టాప్‌కు 192.168.1.200, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1. ఇలా పెడితే నెట్ వస్తే రేడియో, పాస్‌వర్డ్ అన్నీ బాగున్నట్టే. అడ్రస్ ఇచ్చి పుచ్చుకోవడంలోనే తేడా ఉంది. రౌటర్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడాల్సింది ఇలాంటప్పుడే.

మెట్టు 4: ఐపీ ఉంది, 'నో ఇంటర్నెట్' అంటుంది

కమాండ్ ప్రాంప్ట్‌లో 8.8.8.8కి పింగ్ కొట్టండి. తర్వాత గూగుల్ డాట్ కామ్‌కు కొట్టండి. నంబర్‌కు జవాబు వచ్చి పేరుకు రాకపోతే డీఎన్‌ఎస్ సమస్య. డీఎన్‌ఎస్‌ను 8.8.8.8 లేదా 1.1.1.1కి మార్చండి. రెండిటికీ రాకపోతే వీపీఎన్, పాత యాంటీవైరస్ ఏమైనా మిగిలి ఉన్నాయేమో చూసి తీసేయండి. చివరి అస్త్రంగా సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. దాన్ని నొక్కితే సేవ్ అయిన పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి కాబట్టి ముందు రాసిపెట్టుకోండి.

సైట్లు తెరుచుకుంటూనే కింద 'నో ఇంటర్నెట్' గుర్తు కనబడితే కంగారు వద్దు. విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న ఫైల్ తెచ్చుకుని నెట్ ఉందో లేదో తేల్చుకుంటుంది. ఆ ఒక్క దారిని ఏదో అడ్డుకుంటోందంతే. ఇంకో చిన్న విషయం: పాత ల్యాప్‌టాప్‌లో లోపలి బటన్ సెల్ అయిపోతే తేదీ వెనక్కి వెళ్తుంది. అప్పుడు సైట్లన్నీ సెక్యూరిటీ ఎర్రర్ చూపిస్తాయి. ఓసారి తేదీ, టైమ్ చూసుకోండి.

మెట్టు 5: నెట్ ఉంది, కానీ నిదానం, లేదా మధ్యమధ్యలో తెగిపోతోంది

మన పల్లెల్లో రాతి గోడల మిద్దెలు ఎక్కువ. మందపాటి రాతి గోడను 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాటడం కష్టం. 2.4 నయం. కొత్త డ్రైవర్ వచ్చినప్పుడు మీరు పాతదాంట్లో పెట్టుకున్న సెట్టింగ్ పోయి, ల్యాప్‌టాప్ లోపలి గదిలో కూడా 5 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుని వేలాడొచ్చు. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో 'ప్రిఫర్డ్ బ్యాండ్' మార్చండి. లేదంటే రౌటర్‌లో రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టండి. మధ్యలో తెగిపోతుంటే అదే ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం డివైస్‌ను ఆపే టిక్ తీసేయండి.

రౌటర్ వెనక పెన్‌డ్రైవ్ పెట్టి సినిమాలు, ఫైళ్లు పంచుకునేవాళ్లకు ఇంకో దెబ్బ. 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా షేర్ ఫోల్డర్ తెరవడం ఆపేశారు, ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి చేశారు. రౌటర్‌లో ఆ షేర్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి చూడండి. అది ఎస్‌ఎంబీ 1 మాత్రమే తెలిసిన పాత రౌటర్ అయితే ఆ సదుపాయాన్ని వదులుకోవడమే మంచిది.

ఈ మూడు పనులు చేయొద్దు

సెక్యూరిటీ తీసేసి నెట్ తెచ్చుకోవద్దు. ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయమని, వైఫైని ఓపెన్‌గా పెట్టమని సలహాలు చాలా దొరుకుతాయి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్ పాకింది ఆ ఎస్‌ఎంబీ 1లోని లోపం ద్వారానే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

రౌటర్ వెనక రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చొద్దు. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే ఆపరేటర్ పెట్టిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ అన్నీ చెరిగిపోవచ్చు. అప్పుడు ఇంట్లో ఫోన్లకు కూడా నెట్ ఉండదు, ఆపరేటర్ మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఏం మార్చినా ముందు ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

కరెంటు నమ్మకం లేనప్పుడు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మొదలుపెట్టొద్దు. మధ్యలో కరెంటు పోతే రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే చేయండి. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ పెట్టె అయితే మీరు చేయొద్దు, వాళ్లనే అడగండి.

మరి కొత్తది ఎప్పుడు కొనాలి?

రౌటర్‌లో ఏఈఎస్ ఆప్షనే లేకపోతే కొనండి. మాన్యువల్ ఐపీతో మాత్రమే నడుస్తూ, కంపెనీ నుంచి కొత్త ఫర్మ్‌వేర్ రాకపోతే కొనండి. కొనేటప్పుడు డ్యూయల్ బ్యాండ్, డబ్ల్యూపీఏ3 రెండూ ఉన్నాయో లేదో బాక్స్ మీద చూడండి. 2020 జూలై నుంచి కొత్తగా వైఫై సర్టిఫికేషన్ తీసుకునే డివైస్‌లకు డబ్ల్యూపీఏ3 తప్పనిసరి. ఆపరేటర్ పెట్టెను మార్చాల్సిన పని కూడా లేదు. దాన్ని అలాగే ఉంచి, ల్యాన్ కేబుల్‌తో కొత్త రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో కలిపి, పాత పెట్టెలో వైఫై ఆపేస్తే చాలు.

ఇవేవీ మీ విషయంలో కాకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. హాట్‌స్పాట్ పరీక్షకు అయ్యే ఖర్చు కొన్ని ఎంబీల డేటా మాత్రమే.